రోదసికి చెవి ఒగ్గితే...

శూన్యంలో శబ్దం ప్రయాణించదని చిన్నప్పుడే చదువుకున్నాం. మరి అంగారకుడి మీద గాలి హోరు, నక్షత్రాల మధ్య వినిపించిన కూత, సూర్యుడి ‘ఓంకారం’ అంటూ ప్రచారమవుతున్న ఈ రికార్డులన్నీ ఎక్కడివి? వాటిలో నిజంగా చెవితో విన్నదెంత, లెక్కకట్టి వినిపించిందెంత? అసలు ఈ వ్యవహారంతో మన తెలుగు మాటకేంటి సంబంధం?

చీరాల నుంచి ఆరేడు కిలోమీటర్లు వస్తే వాడరేవు. ఒకప్పుడు ప్రకాశం జిల్లా, 2022 నుంచి బాపట్ల జిల్లా. ఓడరేవు అన్నమాటే జనం నోట్లో నలిగి వాడరేవైందంటారు. ఇప్పుడక్కడికి ఓడలు రావుకానీ చప్పుళ్లకు కొదవలేదు. విరిగిపడే కెరటాల హోరు, వేటకు బయల్దేరే పడవల ఇంజిన్ల డుబడుబ, వల లాగేవాళ్ల కేకలు, ఒడ్డున చేపల బేరాలు... ఆదివారమైతే వీటికి తోడు స్నానాలకొచ్చిన పిల్లల కేరింతలు.

ఈ తీరాన్ని ఉన్నపళంగా ఎత్తుకెళ్లి అంగారకుడి మీద పెట్టామనుకోండి. (నీళ్లు అక్కడ నిలవవు, ఆ సంగతి కాసేపు పక్కనపెడదాం.) ఏం వినిపిస్తుంది?

ముందుగా, మొత్తం సందడి ఎవరో రేడియో మీట తిప్పినట్టు తగ్గిపోతుంది. శబ్దమంటే గాలి అణువులు ఒకదాన్నొకటి తోసుకోవడమే. కోటప్పకొండ తిరనాళ్లలో కిక్కిరిసిన వరుసలో ఒకచివర ఎవరైనా తోస్తే ఆ తోపు రెండోచివర దాకా వస్తుంది. అదే వరుసలో నూటికి ఒక్కడే ఉంటే? తోపు ఎవరికీ అందదు. అంగారకుడి మీద గాలి ఒత్తిడి మన దగ్గరున్న దాంట్లో నూరో వంతుకన్నా తక్కువ. పైగా ఆ కాస్త గాలిలోనూ 95 శాతం దాకా బొగ్గుపులుసు వాయువే. దానికో గుణముంది. సన్నటి శబ్దాలను, అంటే ఎక్కువ పౌనఃపున్యం ఉన్నవాటిని ఇట్టే మింగేస్తుంది, మధ్యలో పత్తి బోరాలు పేర్చినట్టు! కాబట్టి పడవ ఇంజిన్ల డుబడుబ లీలగా కొంతదూరం వస్తుందేమోకానీ పిల్లల కేరింతలు పక్కవాళ్లక్కూడా సరిగ్గా వినపడవు. అక్కడ ఇద్దరు మనుషులు అయిదు మీటర్ల దూరంలో నిలబడి మాట్లాడుకోవడమే కష్టమని శాస్త్రవేత్తలు తేల్చారు.

ఇక రెండో వింత. భూమ్మీద శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు వెళుతుంది. అందుకే మెరుపు మెరిశాక సెకన్లు లెక్కపెట్టి, మూడు సెకన్లకో కిలోమీటరు చొప్పున పిడుగు ఎంత దూరాన పడిందో చెప్పేస్తారు మన రైతులు. అంగారకుడి మీద ఈ లెక్క పనికిరాదు. అక్కడ శబ్దవేగం సెకనుకు 240 మీటర్లే. అదైనా అన్ని శబ్దాలకూ ఒకటి కాదు! బొంగురు శబ్దాలు 240 మీటర్ల వేగంతో వెళితే, కీచు శబ్దాలు 250 మీటర్ల వేగంతో వెళతాయి. అంటే పెళ్లి మేళం దూరంగా వాయిస్తుంటే సన్నాయి ముందూ డోలు వెనకా వినిపిస్తాయన్నమాట. అసలు సన్నాయి అంతదూరం వస్తే కదా అంటారా... అదీ నిజమే.

ఈ తేడా ఎందుకంటే, బొంగురు శబ్దంలో కంపనాలు నెమ్మదిగా ఉంటాయి. ఆ వ్యవధిలో బొగ్గుపులుసు వాయువు అణువులు తమకు తగిలిన శక్తిలో కొంత తమలోపలి వంపులకే ఖర్చుపెట్టేసుకుంటాయి. కీచు శబ్దం వాటికా తీరిక ఇవ్వదు. ఇదంతా కాగితం మీద ఎప్పటినుంచో ఉన్న లెక్కే. కానీ ఒక గ్రహం గాలిలో దాన్ని స్వయంగా విని కొలిచింది మాత్రం 2021లోనే. ఆ ఫలితాలు ‘నేచర్’ పత్రికలో 2022లో వచ్చాయి.

రెండుసార్లు చేజారింది

అంగారకుడి మీదకు మైక్రోఫోన్ పంపాలన్న ఆలోచన అంతకు చాలా ముందునుంచే ఉంది. కార్ల్ సాగన్ స్థాపకుల్లో ఒకరైన ప్లానెటరీ సొసైటీ సభ్యుల చందాలతో ఒక బుల్లి మైక్రోఫోన్ తయారుచేయించింది. దాన్ని నాసావారి మార్స్ పోలార్ ల్యాండర్‌కు అమర్చారు. 1999 డిసెంబరు 3న ఆ నౌక దిగుతూ దిగుతూ మాయమైపోయింది. ఒక్క చప్పుడూ రాలేదు. తర్వాత 2008లో ఫీనిక్స్ నౌక క్షేమంగానే దిగింది. దాని కెమెరాలోనూ మైక్రోఫోన్ ఉంది. కానీ దాన్ని ఆన్ చేస్తే, దిగే సమయంలో కీలకమైన ఎలక్ట్రానిక్స్‌కు ఇబ్బంది రావచ్చని భయపడి, స్విచ్చే వేయలేదు.

ఇక్కడో మాట చెప్పుకోవాలి. గ్రహాల మీదకు వెళ్లే నౌకలో గ్రాము బరువుకు కూడా పోటీ ఉంటుంది. కెమెరా కావాలంటే ఎవరూ కాదనరు. ‘చెవి ఎందుకు?’ అనే ప్రశ్నకు మాత్రం శాస్త్రవేత్తల దగ్గరే చాన్నాళ్లు గట్టి జవాబు లేకపోయింది. జనానికి సరదాగా ఉంటుందన్నది జవాబు కాదుగా!

ఆ జవాబు పర్సెవరెన్స్ రోవర్‌తో దొరికింది. 2021 ఫిబ్రవరి 18న అది జెజెరో అనే బిలంలో దిగింది. అందులో రెండు మైక్రోఫోన్లు. ఒకటి దిగేటప్పటి రొద వినడానికి పెట్టింది. తీరా దిగేటప్పుడు అది పనికొచ్చే రికార్డింగేదీ ఇవ్వలేదు. రోవర్ నేల మీదకు చేరాక మాత్రం బుద్ధిగా పనిచేసి, గాలి చప్పుడు పంపింది! రెండోది ఫ్రాన్స్‌లోని టులూజ్‌లో తయారైంది. రోవర్ మెడ మీద, సూపర్‌కామ్ అనే పరికరం పక్కన ఉంటుంది. దిగిన మర్నాడే అది అంగారకుడి గాలి చప్పుడును అందుకుంది. బండ సందులోంచి సన్నగా వీచే గాలిలా ఉంటుంది ఆ శబ్దం. వింతేమీ కాదు. అదే వింత!

సూపర్‌కామ్ అంటే లేజర్ తుపాకీ లాంటిది. ఏడు మీటర్ల దూరంలో ఉన్న రాయినైనా కిరణంతో కొట్టి, లేచిన ఆవిరి రంగును చూసి అందులో ఏముందో చెబుతుంది. కొట్టినప్పుడల్లా ‘టిక్’మని చిన్న చప్పుడొస్తుంది. కిరణం వదిలిన క్షణానికీ చప్పుడు చేరిన క్షణానికీ మధ్య సమయం చూస్తే శబ్దవేగం తెలుస్తుంది. ఇందాక చెప్పుకున్న 240, 250 అంకెలు అలా తేల్చినవే. చప్పుడు తీరునుబట్టి రాయి గట్టిదో గుల్లదో కూడా చెప్పొచ్చు. టెంకాయ కొనేటప్పుడు వేలితో కొట్టి చూస్తాం చూడండి, అలాగే. అంతేకాదు, అక్కడి గాలినుంచి ఆక్సిజన్ తయారుచేసి చూసిన మాక్సీ అనే యంత్రం పంపు ఎలా తిరుగుతోందో కూడా ఈ చెవితోనే విన్నారు. పడవ ఇంజిన్ చప్పుడు విని జబ్బేంటో చెప్పే మెకానిక్ చేసే పనీ అదే కదా.

ఆ మైక్రోఫోన్ రోజంతా ఆన్‌లో ఉండదు. నెలకు ఎనిమిదిసార్లు, ఒక్కోసారి మూడు నిమిషాలకన్నా తక్కువే. అలాంటిది 2021 సెప్టెంబరు 27న అది వింటున్న సమయంలోనే ఓ సుడిగాలి సరిగ్గా రోవర్ మీదుగా వెళ్లింది. వేసవిలో మిరప కల్లాల మీద లేచే సుడిగాలిని చూసినవాళ్లకు దాని రూపు చెప్పక్కర్లేదు. కాకపోతే ఇది 25 మీటర్ల వెడల్పు, 118 మీటర్ల ఎత్తు. రికార్డింగులో ముందు గాలి రొద, తర్వాత కాసేపు నిశ్శబ్దం, మళ్లీ రొద. మధ్యలో ఆ నిశ్శబ్దం సుడి లోపలిది. చిటపటమన్నవి లోహాన్ని కొట్టుకున్న ఇసుక రేణువులు. ఎన్ని రేణువులు తగిలాయో కూడా లెక్కపెట్టారు!

అదే రికార్డింగులో ఇంకో చిటపట ఉందనీ, అది ఇసుకది కాదనీ తర్వాత అర్థమైంది. ధూళి రేణువులు రాసుకుని పుట్టిన విద్యుత్తు తాలూకు చిన్న చిన్న నిప్పురవ్వల చప్పుడది. పాత రికార్డులన్నీ తిరగేస్తే రెండు అంగారక సంవత్సరాల్లో అలాంటివి 55 దొరికాయి. 2025 నవంబరులో ఈ సంగతి బయటపెట్టారు. అంగారకుడి గాలిలో విద్యుత్తు మెరుస్తుందా అని దశాబ్దాలుగా కళ్లతో వెతుకుతున్నారు. చివరికి పట్టింది చెవి.

రిషివ్యాలీ కుర్రాడి రెక్కల చప్పుడు

ఆ చెవి విన్నవాటిలో మనకు బాగా దగ్గరిది ఇంకోటుంది. 1960ల్లో దక్షిణ భారతంలో పెరుగుతున్న ఓ కుర్రాడికి రాకెట్లంటే పిచ్చి. చూసిన బంధువొకరు అమెరికా కాన్సులేట్‌కు ఉత్తరం రాస్తే, నాసా గురించిన రంగుల పుస్తకాలు కట్టగా వచ్చాయి. చంద్రుడి మీద మనిషి దిగిన సంగతి ఆ కుర్రాడు రేడియోలో విన్నాడు. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ బడిలో, తర్వాత ఐఐటీ మద్రాసులో చదువుకుని అమెరికా వెళ్లి నాసా జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీలో చేరిన ఆయనే జె.బాబ్ బలరామ్. అంగారకుడి మీద ఎగిరిన తొలి హెలికాప్టర్ ఇంజెన్యూయిటీకి చీఫ్ ఇంజినీరు.

1.8 కిలోల ఆ హెలికాప్టర్ మొదటిసారి ఎగిరింది 2021 ఏప్రిల్ 19న. దాని చప్పుడు వినగలమని శాస్త్రవేత్తలకు పెద్దగా ఆశలేదు. గాలి పల్చన, దూరమేమో 80 మీటర్లు. అయినా ఏప్రిల్ 30న నాలుగోసారి ఎగిరినప్పుడు మైక్రోఫోన్ ఆన్ చేసి ఉంచారు. రెక్కలు నిమిషానికి 2537 సార్లు తిరుగుతుంటే సన్నటి ఝుంకారం... తుమ్మెద దూరంనుంచి వచ్చి, మళ్లీ దూరమైనట్టు. ఆ శబ్దం పౌనఃపున్యం 84 హెర్ట్జ్. బొంగురు శబ్దం కాబట్టే అంతదూరం వచ్చింది. ఇంకాస్త కీచుగా ఉంటే దార్లోనే ఆరిపోయేది. వేరే గ్రహం మీద ఒక యంత్రం ఎగురుతుంటే మరో యంత్రం వినడం అదే మొదలు. అయిదుసార్లు ఎగిరితే చాలనుకున్న ఇంజెన్యూయిటీ 72 సార్లు ఎగిరి 2024 జనవరిలో రెక్క దెబ్బతిని ఆగిపోయింది.

శుక్రుడి మీద చెవి రెండు గంటలే

అంగారకుడికన్నా ముందే శుక్రుడి మీద మైక్రోఫోన్లు పనిచేశాయంటే ఆశ్చర్యంగా ఉంటుంది. 1982 మార్చిలో సోవియట్ నౌకలు వెనెరా-13, వెనెరా-14 అక్కడ దిగాయి. సీసం కరిగిపోయేంత వేడి, భూమికి దాదాపు 90 రెట్ల ఒత్తిడి. ఆ కొలిమిలో మొదటిది 127 నిమిషాలు, రెండోది 57 నిమిషాలు బతికాయి. కెమెరా మూత ఊడిపడ్డ చప్పుడు, నేలను తొలిచిన డ్రిల్లు రొద, మెల్లగా కదిలే గాలి... ఇవీ అవి విన్నవి. గాలి వేగాన్ని ఆ చప్పుడుతోనే అంచనా కట్టారు. శుక్రుడి మీద మనిషి మాట్లాడగలిగితే చిక్కటి గాలిలో స్వరతంత్రులు బరువుగా కదిలి గొంతు బొంగురుపోతుందని బ్రిటన్‌లోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు టిమ్ లీటన్ లెక్కవేశారు.

శని చందమామ టైటాన్ మీద 2005 జనవరి 14న హైగెన్స్ నౌక దిగుతూ సుమారు రెండున్నర గంటలపాటు గాలి రొద తాలూకు వివరాలు పంపింది. వాటినుంచి శబ్దాన్ని మళ్లీ తయారుచేసి వినిపించారు. సౌరకుటుంబంలో మైక్రోఫోన్‌తో నిజంగా ‘విన్న’ ప్రపంచాలు ఇంతవరకూ ఈ మూడే: శుక్రుడు, టైటాన్, అంగారకుడు. మిగతావన్నీ ఇంకో లెక్క.

రేడియోలో గరగర

ఆ ఇంకో లెక్కేమిటో పల్లెల్లో రేడియో విన్నవాళ్లకు తేలిగ్గా అర్థమవుతుంది. విజయవాడ కేంద్రం వార్తలు వస్తుంటే, ఎక్కడో మబ్బుల్లో మెరుపు మెరవగానే రేడియోలో గరగరమనేది. ఉరుము ఇంకా రాకముందే! అది ఉరుము చప్పుడు కాదు. మెరుపులోంచి రేడియో తరంగాలు పుడతాయి. అవి కాంతివేగంతో వచ్చి ఏరియల్‌ను తాకితే, రేడియో పెట్టె వాటిని స్పీకర్లో చప్పుడుగా మారుస్తుంది. అంటే తరంగం నిజం, దాని హెచ్చుతగ్గులు నిజం. చప్పుడు మాత్రం పెట్టె చేసింది.

ఈ తరంగాలకు గాలి అక్కర్లేదు. శూన్యంలోనూ హాయిగా వెళతాయి. రోదసి శబ్దాలుగా చెప్పేవాటిలో చాలాభాగం ఇలాంటివే. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయ ఆచార్యుడు డాన్ గర్నెట్ జీవితమంతా ఈ పనే చేశారు. వాయేజర్ నౌకలకు పది మీటర్ల పొడవైన రెండేసి ఏరియళ్లు ఉంటాయి. వాటితో రోదసిలోని విద్యుదావేశ కణాల, అంటే ప్లాస్మా అలజడిని పట్టే పరికరం ఆయన బృందానిది. 1979లో వాయేజర్-1 గురుగ్రహం దగ్గర విన్న ఈలల్లాంటి శబ్దాలే అక్కడా మెరుపులున్నాయని చెప్పాయి.

అసలు కథ 2013లో జరిగింది. వాయేజర్-1 సూర్యుడి పలుకుబడి దాటి నక్షత్రాల మధ్యకు చేరిందా లేదా అని శాస్త్రవేత్తల మధ్య పెద్ద వాదం. సరిహద్దు దగ్గర బోర్డు ఉండదు కదా. దాటితే చుట్టూ ఎలక్ట్రాన్ల సాంద్రత పెరగాలి. కానీ దాన్ని నేరుగా కొలిచే పరికరం 1980లోనే పాడైపోయింది. అదృష్టంకొద్దీ 2012 మార్చిలో సూర్యుడి మీద జరిగిన ఓ విస్ఫోటపు తాకిడి ఏడాది పైచిలుకు ప్రయాణించి వాయేజర్ దాకా వెళ్లింది. 2013 ఏప్రిల్, మే నెలల్లో ఆ దెబ్బకు చుట్టూ ఉన్న ఎలక్ట్రాన్లు వీణ తీగల్లా కంపించాయి. ఆ కంపనం ఎంత వేగంగా ఉంటే ఎలక్ట్రాన్లు అంత దట్టంగా ఉన్నట్టు. వచ్చింది 2600 హెర్ట్జ్. అంటే ఓ పెద్ద చెంచాడు చోటుకు సుమారు ఒక ఎలక్ట్రాన్. మనకది శూన్యంకన్నా శూన్యమేకానీ, సూర్యుడి పరిధి లోపల అంచున ఉండే దానికి 40 రెట్లు! వాదం తీరిపోయింది. వెనక్కి లెక్కకట్టి 2012 ఆగస్టు 25న వాయేజర్ గడప దాటిందని ప్రకటించారు. ఆ తరంగాల్ని చేరవేసింది నౌకలో ఉన్న ఎనిమిది ట్రాకుల పాత టేపు రికార్డరు. స్పీకర్లో పెట్టి వింటే ఒకదాన్నిమించి ఒకటి పైకి లేచే కూతలు.

సూర్యుడు ఓం అన్నాడా?

ఈ తేడా తెలియకపోతే ఏమవుతుందో 2020 జనవరిలో చూశాం. సూర్యుడి శబ్దాన్ని నాసా రికార్డు చేసిందనీ, అది ఓంకారమేననీ ఓ వీడియో ఫోన్లలో చక్కర్లు కొట్టింది. అప్పటి ఓ లెఫ్టినెంట్ గవర్నరే దాన్ని ట్విటర్లో పెట్టారు. నాసా అలాంటిదేమీ చెప్పలేదు. వీడియోలో వినిపించేది ఎవరో కలిపిన జపం.

విచిత్రమేంటంటే సూర్యుడు నిజంగానే మోగుతాడు. లోపల ఉడికే వాయువుల వల్ల పుట్టే శబ్దతరంగాలతో సూర్యుడి ఉపరితలం సుమారు అయిదు నిమిషాలకోసారి పైకీ కిందికీ ఊగుతుంది. మన చెవి సెకనుకు 20 కంపనాలకన్నా తక్కువుంటే వినలేదు. అయిదు నిమిషాలకు ఒకటంటే ఎక్కడ వింటుంది! పైగా మధ్యలో 15 కోట్ల కిలోమీటర్ల శూన్యం. కాబట్టి ఆ ఊపును వినరు, చూస్తారు. సోహో అనే వ్యోమనౌక 40 రోజులపాటు చూసి కొలిచిన వివరాలను 42 వేల రెట్లు వేగం పెంచి స్టాన్‌ఫర్డ్ శాస్త్రవేత్తలు వినిపించారు. జుమ్ముమనే శబ్దమొచ్చింది. సూర్యుడి ఊపును రాత్రీపగలూ గమనించేందుకు ప్రపంచం చుట్టూ పెట్టిన ఆరు కేంద్రాల్లో ఒకటి మన ఉదయ్‌పూర్‌లో ఉంది. ఆ ఊపునుబట్టే సూర్యుడి గర్భంలో వేడి ఎంతో, ఏ పొర ఎంత వేగంగా తిరుగుతోందో తెలిసింది. డాక్టరు కడుపు మీద వేలితో తట్టి లోపలి సంగతి చెప్పినట్టు. వట్టి నిజమే ఇంత బాగున్నప్పుడు దానికి కల్తీ దేనికి?

2022లో నాసా విడుదలచేసిన కృష్ణబిలం ‘శబ్దం’ కూడా ఈ కోవలోదే. సుమారు 25 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని పెర్సియస్ నక్షత్రమండలాల గుంపులో వేడి వాయువుంది. అక్కడి కృష్ణబిలం వల్ల అందులో ఒత్తిడి అలలు లేస్తున్నాయని 2003లో కనిపెట్టారు. వాయువులో అల కాబట్టి అది శబ్దమే. కానీ హార్మోనియం నడిమి మెట్టుకు 57 స్థాయిలు కింద! ఒక్క కంపనానికి కోటి సంవత్సరాల దాకా పడుతుంది. దాన్ని అన్ని స్థాయిలూ పైకి లాగి మన చెవికి అందించారు. 2015 సెప్టెంబరు 14న లైగో పట్టుకున్న గురుత్వ తరంగానికి ఈ బాధ లేదు. రెండు కృష్ణబిలాలు ఢీకొన్నప్పుడు పుట్టిన ఆ తరంగం 35 నుంచి 250 హెర్ట్జ్‌ల దాకా పాకింది కాబట్టి నేరుగా స్పీకర్‌కు ఇస్తే చాలు, కిచుక్కుమంటుంది.

చందమామ మీద పట్టాలకు చెవి

చీరాల మీదుగా మద్రాసు రైళ్లు వెళ్లే లైనుంది. రైలొస్తోందో లేదో తెలుసుకోవడానికి పట్టాలకు చెవి ఆనించే పిల్లల్ని పెద్దవాళ్లు తిట్టడం ఆ చుట్టుపక్కల మామూలే. గాలిలో ఇంకా వినపడని చప్పుడు ఇనుములో ముందే వచ్చేస్తుంది. చంద్రుడి మీద గాలే లేదు, కానీ నేల ఉంది. అందుకని అక్కడ నేలకే చెవి ఆనించాలి.

1969 నవంబరులో అపోలో-12 వ్యోమగాములు తిరిగొస్తూ తమ ల్యాండర్ పైభాగాన్ని చంద్రుడి మీద పడేశారు. అంతకుముందు అక్కడ పెట్టివచ్చిన భూకంపమాపకంలో ఆ అదురు దాదాపు గంటసేపు ఆగలేదు. చందమామ గంటలా మోగిందన్న మాట అప్పుడు పుట్టిందే.

2023 జులై 14న శ్రీహరికోటనుంచి బయల్దేరిన చంద్రయాన్-3 ఆగస్టు 23న చంద్రుడి దక్షిణ ధ్రువానికి దగ్గర్లో దిగింది. విక్రమ్ ల్యాండర్‌లో ‘ఇల్సా’ అనే చిన్న పరికరముంది. బెంగళూరులోని ఇస్రో ప్రయోగశాలలో తయారైంది. సెల్‌ఫోన్ అడ్డంగా తిప్పితే బొమ్మ కూడా తిరిగేలా చేసే చిప్పు ఉంటుంది చూడండి, ఆ జాతిదే. కాకపోతే దానికన్నా ఎంతో సున్నితమైంది. అలాంటి చిప్పుతో చంద్రుడి మీద కంపనాలు కొలవడం అదే ప్రథమం. 190 గంటలు విన్నది. ప్రజ్ఞాన్ రోవర్ చక్రాల అదురు అందులో పడింది. రోవర్ దూరం జరిగేకొద్దీ ఆ అదురు సన్నగిల్లడం గ్రాఫులో చక్కగా కనిపిస్తుంది. మొత్తం 250కి పైగా సంకేతాలొస్తే, వాటిలో 200 రోవర్ కదలికలవీ, ఇతర పరికరాలవీ అని తేల్చారు. మిగతా 50కి కారణం దొరకలేదు. ఇసుకరేణువంత ఉల్కలు పడ్డాయా, ఎండకూ చలికీ నేల చిట్లిందా, లేక చంద్రుడే కంపించాడా అన్నది ఇంకా తేలాల్సిన లెక్క. ల్యాండర్ రాత్రి చలికి నిద్రపోయి మళ్లీ లేవలేదు. ఉన్న రికార్డులతోనే తేల్చుకోవాలి.

మనం పంపిన చప్పుళ్లు

ఇంతవరకూ మనం విన్నవి. వినమని పంపినవీ ఉన్నాయి. 1977లో ఆగస్టు 20న వాయేజర్-2, సెప్టెంబరు 5న వాయేజర్-1 బయల్దేరాయి. రెంటికీ చెరో రాగి గ్రామఫోన్ రికార్డు బిగించారు. 12 అంగుళాల పళ్లెం, పైన బంగారు పూత. కార్ల్ సాగన్ నాయకత్వంలో ఒక చిన్న బృందం నెలల వ్యవధిలో దాన్ని తయారుచేసింది. ఉరుము, వాన, సముద్రపు కెరటాలు, కప్పల బెకబెకలు, పక్షుల కూతలు, ముద్దుపెట్టిన చప్పుడు, తల్లి బిడ్డను ఊరడించే మాటలు అందులో ఉన్నాయి. గంటన్నర సంగీతంలో మన కేసర్‌బాయి కేర్కర్ గానముంది. బొమ్మల్లో తాజ్‌మహల్, వలలతో ఉన్న చేపల పడవ, మనదేశపు రోడ్డు మీద రద్దీ!

బృందంలో ఉన్న ఆన్ డ్రూయన్ తన మెదడు తరంగాల్ని గంటసేపు రికార్డుచేయించి, నిమిషానికి కుదించి అందులో చేర్చారు. అంతకు కొద్దిరోజుల ముందే ఆమె, సాగన్ పెళ్లి చేసుకుందామనుకున్నారు. ఆ గంటలో తాను ఆలోచించినవాటిలో అదీ ఒకటని తర్వాత ఆమే చెప్పారు.

55 భాషల్లో పలకరింపులున్నాయి. ఎక్కువభాగం కోర్నెల్ విశ్వవిద్యాలయంలో, అక్కడ ఆయా భాషలు మాట్లాడేవాళ్లను పిలిచి చెప్పించినవే. అందులో తెలుగుంది. నమస్కారం చెప్పి, తెలుగు మాట్లాడే జనం తరఫున శుభాకాంక్షలు అందించే ఒక్క వాక్యం. హిందీ, బెంగాలీ, కన్నడం, మరాఠీ, ఒడియా లాంటివీ ఉన్నాయి. తమిళం, మలయాళం లేవు. ఏ కమిటీయో కొలిచి ఎంచింది కాదు, దగ్గర్లో ఎవరు దొరికితే వాళ్లు పలికారన్నమాట.

వాడరేవుకు కొన్ని కిలోమీటర్ల దూరంలోనే మోటుపల్లి. కాకతీయుల కాలంలో పేరున్న రేవు. 1244 ప్రాంతంలో గణపతిదేవుడు అక్కడ శాసనం వేయించాడు. తుపానుకు ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన పరదేశి వర్తకుల సొత్తు రాజు లాక్కోడనీ, సుంకం మాత్రమే తీసుకుంటామనీ అభయం. ముక్కూమొహం తెలియని ఓడవాళ్లకు రాతి మీద చెక్కిన మాట అది. వాయేజర్‌ది రాగి మీద చెక్కిన మాట. చదివేవాళ్లు వస్తారన్న నమ్మకం మాత్రం గణపతిదేవుడికే ఎక్కువ ఉండి ఉంటుంది.

వాయేజర్-1 ఇప్పుడు 2500 కోట్ల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది. దాని సంకేతం మనల్ని చేరడానికి 23 గంటలు దాటుతోంది. 2023 నవంబరులో ఒక మెమరీ చిప్పు పాడై అయిదు నెలలపాటు అర్థంలేని అంకెలు పంపింది. భూమ్మీది ఇంజినీర్లు ప్రోగ్రామును ముక్కలుచేసి వేరే చోట్ల సర్ది, 2024 ఏప్రిల్లో దాన్ని మళ్లీ మాట్లాడించారు. అణు బ్యాటరీల శక్తి ఏటా సుమారు నాలుగు వాట్ల చొప్పున తగ్గిపోతోంది. అందుకని 2024, 2025ల్లో రెండు నౌకల్లోనూ ఒక్కో పరికరాన్నీ ఆపుతూ వచ్చారు. ఎప్పుడో ఒకరోజు ప్లాస్మా కూతలు వినే ఏరియళ్లకూ ఆ వంతు వస్తుంది.

రికార్డుకు కరెంటు అక్కర్లేదు. వినడానికి సూదినీ, కాట్రిడ్జినీ కూడా పక్కనే పెట్టారు. పళ్లెం తిప్పే యంత్రాన్ని మాత్రం దొరికినవాళ్లే చేసుకోవాలి. ఎంత వేగంతో తిప్పాలో అల్యూమినియం మూత మీద బొమ్మలతో చెక్కారు. వాళ్లకు మన గడియారం తెలియదు కాబట్టి హైడ్రోజన్ పరమాణువును కాలమానంగా వాడారు. మన లెక్కలో ఒక చుట్టుకు 3.6 సెకన్లు.